ఆ నట్టు మీంచి చెయ్యి తీయండి

కుట్టు సరిగ్గా పడటం లేదా? టెన్షన్ నట్టు ఒక అర చుట్టు బిగించు. దారం తెగుతోందా? అర చుట్టు వదులు చెయ్యి. బట్ట ముడత పడుతోందా? మళ్ళీ ఆ నట్టే. ఈమధ్య ఫోన్లలో తిరుగుతున్న అర నిమిషం వీడియోల్లో మెషిన్ పాఠాలు చెప్పేవాళ్ళంతా ఈ ఒక్క మందే అమ్ముతున్నారు. వాళ్ళను మాత్రమే అనడమెందుకు, గార్మెంట్ ఫ్యాక్టరీల్లో సూపర్‌వైజర్లు ఎన్నాళ్ళుగానో ఈ మాట మీదే బతుకుతున్నారు. ఆ తిప్పుడుకీ కుట్టు లొంగకపోతే ఆఖరి తీర్పు ఒకటి సిద్ధంగా ఉంటుంది: ఆ అమ్మాయి చేతిలో పనితనం లేదు. దారం మంచిదే, సూది మంచిదే, మెషిన్ బంగారం, కూర్చున్న మనిషే దండగ. ఇండస్ట్రియల్ మెషిన్ మీద టెన్షన్ తేడా వచ్చినప్పుడు అన్నిటికన్నా చివర ముట్టుకోవాల్సింది ఆ నట్టు. అన్నిటికన్నా ముందు దాన్ని ముట్టుకోవడమే మన దగ్గర విద్యగా చెలామణీ అవుతోంది.

అసలు ఆ నట్టు చేసే పనెంత? రెండు గుండ్రటి రేకుల మధ్య నుంచి పై దారం పోతుంది, ఒక స్ప్రింగు ఆ రేకుల్ని దగ్గరకు నొక్కుతుంది, నట్టు ఆ స్ప్రింగును నొక్కుతుంది. అంతే. కోను మీంచి బయల్దేరిన దారం బట్టలో చేరేలోపు ఎదుర్కొనే రాపిడిలో ఇది ఒక్క చోటు మాత్రమే. స్టాండు కొక్కెం, మెషిన్ తల మీది కన్నాలు, చెక్ స్ప్రింగు, పైకీ కిందికీ ఊగే టేకప్ లివరు, సూది కన్ను, అడుగున హుక్కు, అన్నీ దారాన్ని పట్టి లాగేవే. సూదిలోంచి దిగిన దారం బాబిన్ కేసు చుట్టూ తిరిగి, టేకప్ లివరు గుంజగానే మళ్ళీ వెనక్కి పోతుంది. ఇలా ప్రతి దారపు ముక్కా కుట్టులో కుదురుకునేలోపు పదుల సార్లు సూది కన్నులో ముందుకూ వెనక్కూ రాసుకుంటుంది. జూకీ డీడీఎల్ 8700 లాంటి మెషిన్‌ని నిమిషానికి 5000 కుట్ల మీద నడిపితే సెకనుకు 80కి పైగా కుట్లు పడతాయి. కుట్టుకు రెండు చుట్ల చొప్పున హుక్కు నిమిషంలో 10,000 చుట్లు తిరుగుతుంది. ఆ వేగంలో ఏ ఒక్క చోట గీత పడ్డా, నలుసు చేరినా దాని ఫలితం కుట్టులో తేలుతుంది. పైగా ఇంటి మెషిన్ల డయలు మీద సాధారణంగా అంకెలుంటాయి, నాలుగు నుంచి ఆరుకు తిప్పినవాడు మళ్ళీ నాలుగుకు రాగలడు. ఫ్యాక్టరీల్లో రోజూ చూసే మామూలు నట్టు మీద అంకె అన్నదే లేదు. తిప్పాక నిన్న ఎక్కడుందో చెప్పే సాక్షి లేడు. పొద్దున ఆపరేటరు బిగించి, మధ్యాహ్నం మెకానిక్ వదులు చేసి, సాయంత్రం సూపర్‌వైజరు మళ్ళీ బిగిస్తే, ఆ మెషిన్‌కు సరైన సెట్టింగు ఏదో ఆ ముగ్గురిలో ఎవరికీ తెలియదు.

అన్నిట్లోకీ మొండి భ్రమ మరొకటుంది. బట్ట అడుగున దారం ఉచ్చులు ఉచ్చులుగా వేలాడితే తప్పు బాబిన్‌దేనట. అడుగున కనబడింది గనక అడుగుదే దోషం! నిజం తలకిందులు. అలా వేలాడేది పై దారం, పైన పట్టు లేక కిందికి జారిపోయిన దారం. ఆ పట్టు పోవడానికి తరచుగా కనిపించే కారణం దారం రేకుల మధ్యకు సరిగ్గా దిగకపోవడం. బట్టను నొక్కిపట్టే ఫుట్ పైకి లేస్తే లోపలి పిన్ను రేకుల్ని విడదీస్తుంది, కుట్టు అయ్యాక బట్టను సులువుగా బయటికి లాగేందుకు చేసిన ఏర్పాటు అది. కాబట్టి దారం ఎక్కించేటప్పుడు ఫుట్ లేచి ఉండాలి, బిగువు చూసేటప్పుడు దిగి ఉండాలి. మనవాళ్ళు ఫుట్ లేపి ఉంచి దారం లాగి చూస్తారు, 'లూజు' అని తేల్చి నట్టు బిగిస్తారు. రేకులు విడిపోయి ఉన్నప్పుడు చేసే ఈ పరీక్షకు అర్థమే లేదు. తర్వాత బాబిన్ కేసు బయటికి తీసి దాని చిన్న స్క్రూను కూడా తిప్పుతారు. దారం తీసి మళ్ళీ ఎక్కిస్తే పోయే చిన్న తప్పు ఇప్పుడు మూడు తప్పులైంది.

కుట్టు పైనా కిందా ఒకేలా కనబడితే టెన్షన్ సరిపోయినట్టే అన్న నమ్మకం చేసే నష్టం ఇంకా ఎక్కువ. లాక్‌స్టిచ్‌లో రెండు దారాలూ పెనవేసుకునే చోటు బట్ట మందం మధ్యలో దాగాలి, నిజమే. కానీ అది ఎక్కడ ఆగుతుందో తేల్చేది రెండు బిగువుల మధ్య పొంతన మాత్రమే. ఒక్కొక్కటీ ఎంతుందో అది చెప్పదు. తక్కెడలో రెండు వైపులా అరకిలో వేసినా ముల్లు మధ్యలోనే నిలుస్తుంది, పది కిలోలు వేసినా మధ్యలోనే. కింది దారం టైటు, దానికి జోడుగా పైది ఇంకా టైటు, చివరికి చూపుకు ముచ్చటైన కుట్టు. లోపల మాత్రం దారం సాగి ఉంది. సాగిన పాలిస్టర్ దారం బట్ట మెషిన్ దిగాక కుంచించుకుంటుంది, తనతోపాటు పల్చటి బట్టనూ లాక్కుంటుంది. చొక్కా గుండీల పట్టీ మీద ఇస్త్రీకి అణిగి, ఉతకగానే మళ్ళీ తేలే ముడత చాలాసార్లు ఇదే. కొంచెం సాగదీస్తే పుటుక్కున తెగే కుట్టూ ఇదే. ముడతలన్నీ టెన్షన్ వల్లే అనడం లేదు. బట్టను అడుగు నుంచి నడిపే పళ్ళు కింది పొరను లాగినంతగా పై పొర కదలకపోయినా ముడతే, దట్టంగా నేసిన బట్టలో దారానికి చోటు చాలకపోయినా ముడతే. వాటికి నట్టుతో సంబంధమే లేదు, అయినా అక్కడా తిప్పేది దాన్నే. సరైన వరస వేరు: బట్టకు చాలినంత తక్కువ బిగువుతో బాబిన్‌ని కుదిర్చి, దానికి పై దారాన్ని జతచేయాలి. మన దగ్గర టైటు అంటే గట్టి, గట్టి అంటే నాణ్యం.

మరి తప్పు ఎక్కడుంటుంది? ఎక్కువసార్లు చెప్పుకోవడానికే నామోషీ అనిపించేంత చిన్న చోట్ల. బాబిన్ కేసు రేకు కింద చేరిన నూగు రేకును పైకెత్తి దారాన్ని వదులు చేస్తుంది. విరుగుడుగా స్క్రూ బిగిస్తే, నూగు రాలిపోయిన మరుక్షణం దారం బిర్రబిగుసుకుంటుంది. బాబిన్‌ను అంచుదాకా కుక్కి చుడతారు, 80 శాతం నిండితే చాలు. స్టాండు కొక్కెం కోనుకు నేరుగా పైన లేకపోతే దారం కుదుపులతో వస్తుంది. సూదికీ హుక్కు మొనకూ మధ్య ఉండాల్సిన సందు 0.04 నుంచి 0.1 మిల్లీమీటరు, సూది పిసరంత వంగినా అది మారిపోతుంది. ఇక సూది గురించి కోపంగానే చెప్పాలి. కొన్ని రూపాయల వస్తువు అది. సూది విరిగితే ముక్కలన్నీ ఏరి అప్పగించి రిజిస్టరులో రాయించాకే కొత్తది ఇవ్వాలనే నియమం ఫ్యాక్టరీల్లో ఉంది. పిల్లల బట్టలో సూది ముక్క మిగిలిపోకూడదు గనక ఆ నియమం న్యాయమే. కానీ అదే కట్టుదిట్టం అరిగిన సూది మార్చడానికీ తగిలించి, లేచి అడిగిన ప్రతిసారీ టార్గెట్ గుర్తుచేస్తే ఏ ఆపరేటరు అడుగుతుంది? సూది విరిగేదాకా లాగిస్తుంది. మొన మొండిబారి, కన్ను అరిగిన సూదిలో దారం పీచులు లేస్తుంది. వేగానికి సూది వేడెక్కితే 260 డిగ్రీల దగ్గర కరిగే పాలిస్టర్ దారం మెత్తబడి తెగుతుంది. తెగగానే అందరి నోటా ఒకటే మాట: టెన్షన్ ఎక్కువైంది.

'నట్టు తిప్పితే చాలాసార్లు కుదురుతోంది కదా' అంటారు. కుదురుతుంది, ఒక లోపాన్ని ఇంకో లోపం కప్పుతుంది గనక. కోను మారేదాకానే ఆ కుదురు. నంబరు ఒకటే అయినా రంగునూ పూతనూ బట్టి దారం జారుడు మారుతుంది. తెల్ల దారం మీద కప్పిపుచ్చిన లోపం నల్ల దారం ఎక్కించగానే బయటపడుతుంది. 'వెతికే టైము ఎవరికుంది' అనేది ఇంకో వాదన, అసలు వాదన ఇదే. సరే, టైము లెక్కే వేద్దాం. బాబిన్ కేసు తుడిచి, సూది మార్చి, దారం మళ్ళీ ఎక్కించడానికి రెండు మూడు నిమిషాలు చాలు. ముడత పడిన ఒక్క పట్టీ విప్పి, దారపు ముక్కలు ఏరి, మళ్ళీ కుట్టడానికి అంతకంటే ఎక్కువే పడుతుంది. రాయదుర్గం, బళ్ళారి వైపు జీన్సు కుట్టే చిన్న యూనిట్లలో ఇది ఇంకా తేటగా తెలుస్తుంది. నడుము పట్టీ దగ్గర మడత మీద మడత చేరినచోట సూది వంగుతుంది, కుట్టు తప్పుతుంది, లావు దారానికి సన్న సూది అసలే ఆగదు. పీసుకింత అని కూలి తీసుకునేచోట విప్పి కుట్టిన పీసుకు రెండోసారి డబ్బు రాదు. అంటే నట్టు తిప్పి పొదుపు చేసిన టైము కుట్టేవాళ్ళ కూలిలోంచి పోతోంది.

కొత్తగా డిజిటల్ టెన్షన్ మెషిన్లొచ్చాయి, ఇక బాధే లేదంటున్నారు. సెట్టింగును అంకెల్లో దాచుకోవడం మంచిదే, ఒప్పుకుంటాను. రేకు కింద నూగును మాత్రం ఏ అంకే తుడవదు. అచ్యుతాపురమైనా హిందూపురమైనా ఈ లైన్లలో కూర్చునేది ఎక్కువగా ఆడవాళ్ళు. మెషిన్ విప్పే హక్కు వాళ్ళకు లేదు, స్క్రూడ్రైవరు మెకానిక్ జేబులో ఉంటుంది, మాట మాత్రం వాళ్ళకు పడుతుంది. అందుకే 'చెయ్యి మంచిది కాదు' అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. అదే చెయ్యి పక్క మెషిన్ మీద చక్కగా కుడుతుంటే ఏమంటారు? చేయగలిగింది పెద్దగా ఏమీ లేదు, కొన్ని మామూలు పనులే. సరిగ్గా నడుస్తున్న రోజున నట్టు మీద పెయింటుతో ఒక గీత గీయండి. దారం బిగువును గ్రాముల్లో కొలిచే గేజీ లైనుకొకటి కొనండి. షిఫ్టు మొదట్లో సూదికీ బాబిన్ కేసుకూ రెండు నిమిషాలు ఇవ్వండి, ఆ రెండు నిమిషాలూ ఆపరేటరు టార్గెట్‌లోంచి కోయకండి. కోసే తీరుతామంటారా, అయితే ఆ రోజు ఆల్టరేషన్‌కు వచ్చిన పీసుల లెక్క నట్టు తిప్పమన్న సూపర్‌వైజరు పేరు మీద రాయండి.