పొగమంచులో బండి... పదిలమండీ!

స్వెటర్లు అటక మీంచి దిగాయి. ముగ్గుపిండి డబ్బా నిండింది. పిల్లల పెదాలకు వ్యాజిలైన్ కూడా వచ్చేసింది. అంతా బాగానే ఉందిగానీ, వాకిట్లో నిలబడ్డ పికప్ బండి సంగతేంటి? ‘బండికి చలికాలమేంటండీ, ఏలూరేమన్నా లద్దాఖా?’ అంటారా!

కాదు, నిజమే. లద్దాఖ్ సంగతి వేరు. అక్కడి చలి కోసమే ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో ఓ ప్రత్యేకమైన డీజిల్ తెచ్చింది. మైనస్ 33 డిగ్రీల్లో కూడా అది గడ్డకట్టదట. మామూలు డీజిల్‌లో కాస్త మైనం ఉంటుంది. చలి ముదిరితే ఆ మైనం పేరుకుని ఫిల్టరుకు అడ్డం పడుతుంది. బండి మొండికేస్తుంది. కొండ ప్రాంతాల్లో తెల్లారుజామున లారీ ట్యాంకు కింద మంటపెట్టి వేడి చేసే సాహసవంతులూ ఉన్నారు. మనం మాత్రం ఆ పని కలలో కూడా చేయొద్దు. అవసరమూ లేదు. తాడేపల్లిగూడెంలో ఎంత వణికినా మన డీజిల్ గడ్డకట్టేంత చలి రాదు.

మన దగ్గర భయం చలితో కాదు, మంచుతో.

కొల్లేరు చుట్టూ ఎటు చూసినా నీళ్లే. కైకలూరు, మండవల్లి, ఆకివీడు, భీమడోలు... ఎటు తిరిగినా చేపల చెరువులు, కాలవలు, తడి పొలాలు. ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి కదలని రాత్రి నేల తొందరగా చల్లారిపోతుంది. ఆ నేలను ఆనుకున్న గాలీ చల్లబడుతుంది. చెరువుల మీంచి లేచిన తేమ ఆ చల్లగాలిలో సన్నటి బిందువులుగా మారి అక్కడే వేలాడుతుంది. అదే పొగమంచు. అన్నిచోట్లా ఒకేలా ఉండదు. ఏలూరు ఊళ్లో దారి చక్కగా కనబడుతుంది. కైకలూరు రోడ్డెక్కి కొల్లేట్లోకి దిగేసరికి ఎదురుగా తెల్లటి గోడ! డ్రైవర్ మోసపోయేది ఇక్కడే. ‘ఇందాకటి దాకా బాగానే ఉందిగా’ అని అదే వేగంతో అందులోకి దూరిపోతాడు.

గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. ఎదుట ఏదో ఉందని కన్ను పట్టుకుని, కాలు బ్రేకు మీదికి వెళ్లేలోపే ఆ సెకను కాస్తా అయిపోతుంది. వెనకాల ట్రేల నిండా చేపలు, ఐసు. ఆ బరువుతో బండి ఆగడానికి ఇంకెంత దూరం కావాలి? మరి కనబడేదే ముప్పయి మీటర్లయితే? కనబడినంత దూరంలో ఆగగలిగే వేగమే ఆ పూటకు వేగం. స్పీడుబోర్డు మీద ఎంత రాసుందన్నది తర్వాతి మాట.

పైగా ఆ వేళ రోడ్డు ఖాళీగా ఉండదు. సార్వా కోతలయ్యాక ధాన్యం రోడ్డు మీదే ఆరుతుంది. రాసుల మీది పట్టాలు ఎగిరిపోకుండా చుట్టూ రాళ్లు పెడతారు. ధాన్యం ఎత్తేసినా రాళ్లు ఒక్కోసారి అక్కడే ఉండిపోతాయి. వెనక దీపంలేని ట్రాక్టర్ ట్రక్కు ఒకటి నింపాదిగా పోతుంటుంది. పాలక్యాన్ల సైకిలు, గుడికి బయల్దేరిన అమ్మలు, నడక కోసం లేచిన పెద్దవాళ్లు. ఇక అయ్యప్ప మాల వేసుకున్న స్వాములు. చన్నీళ్ల స్నానం చేసి, నల్లబట్టల్లో తెల్లారకముందే రోడ్డు మీదుంటారు. చీకటి, మంచు, నల్లబట్ట... ఇంతకంటే కనబడకుండా ఉండడం ఎవరికి సాధ్యం? మీ ఇంట్లో స్వాములుంటే భుజం మీద ఓ తెల్ల తువ్వాలు వేసి పంపండి, చేతికో టార్చిలైటు ఇవ్వండి.

ఇక బండి. ముందు అద్దం చూడండి. బయట మాత్రమే తుడిచి లోపల వదిలేస్తారు చాలామంది. ఊపిరి, తడిబట్టలు, చేపలు పట్టి ఎక్కిన కూలీల ఒంటి తేమ అంతా అద్దానికి లోపలే పడుతుంది. దుమ్ము పొర ఉన్న అద్దం ఇంకా తొందరగా మసకబారుతుంది. నిన్నటి పేపరు ముక్క తడిపి లోపల శుభ్రంగా రుద్దండి (ఈ పేజీ చదివాకే సుమండీ!). బ్లోయరు గాలి అద్దం మీదికి తిప్పండి. అది లేని బండయితే కిటికీ నాలుగు వేళ్లు దించితే చాలు. చలేస్తుంది, మఫ్లరు చుట్టుకోండి. కానీ చెవులు కప్పేసేలా వద్దు. మంచులో కన్ను పనిచేయనప్పుడు హారన్ వినేది చెవే కదా!

లైట్ల విషయంలో అందరికీ ఉన్న అలవాటు ఒకటుంది. కనబడకపోతే డిమ్ తీసి బ్రైట్ వేయడం. మంచులో అది తిరగబడుతుంది. ఆ వెలుగు నీటిబిందువుల మీద పడి వెనక్కి మన కళ్లల్లోకే వస్తుంది. డిమ్ లైటే మంచిది. బంపరుకు కిందుగా ఫాగ్ లైట్లుంటే ఇంకా మంచిది. నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి మిణుకుమిణుకుమనిపిస్తూ నడపడం మరో ఫ్యాషను. అప్పుడు మీరు ఎటు తిరుగుతారో వెనకవాడికి ఎలా తెలుస్తుంది? అవి బండి ఆగినప్పటి కోసం.

వెనక్కి వెళ్లి చూడండి. చేపలబండికి అసలు జబ్బు అక్కడే ఉంది. కారే నీళ్లు, పొలుసు, చెరువు గట్టు బురద అన్నీ కలిసి టెయిల్ లైట్ల మీద అట్టకట్టేస్తాయి. బల్బు వెలుగుతూనే ఉంటుంది, బయటికి మాత్రం కనబడదు. రోజూ లోడయ్యాక ఓ చెంబు నీళ్లు కొట్టి తుడవడానికి నిమిషం చాలు. వెనక ఎరుపు, ముందు తెలుపు, పక్కల పసుపు మెరుపు స్టిక్కర్లు ఊడిపోతే కొత్తవి అతికించండి. బ్రేక్‌డౌనై కరెంటు పోయినా వెనకొచ్చే బండి లైటు పడగానే మెరిసేవి అవే.

టైర్లు బోడిగుండు అయిపోయాయేమో చూసుకోండి. కాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలన్నది చట్టం. గట్టు మీంచి ట్రాక్టర్లు మోసుకొచ్చిన బురదకు మంచు తడి తోడైతే రోడ్డు సబ్బుబిళ్లే. చలికి టైరులో గాలి ఒత్తిడీ కొంత తగ్గుతుంది. బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే కొలిపించుకోవాలి.

ఇంజిన్ గురించి మనవాళ్లకు నేను చెప్పక్కర్లేదు, రెండు మూడు మాటలు చాలు. చాలా డీజిల్ బండ్లలో తాళం తిప్పగానే స్ప్రింగు బొమ్మ దీపం వెలుగుతుంది. అది ఆరేదాకా ఆగి స్టార్ట్ చేయండి. స్టార్టయిన వెంటనే రయ్‌మనిపించొద్దు, ఆయిల్ పైదాకా చేరనివ్వండి. ఆయిల్ డబ్బా మీద 15డబ్ల్యూ-40 అని ఉంటుంది చూడండి, ఆ డబ్ల్యూ అంటే వింటరే. మన చలికి అది చాలు. సగం ట్యాంకుతో రాత్రంతా వదిలేస్తే లోపలి గాలిలో తేమ నీరై డీజిల్‌లోకి దిగుతుంది. సాయంత్రమే నింపించండి, ఫిల్టరు అడుగున చేరిన నీళ్లను వదిలించండి. వేసవిలో అలిసిపోయిన బ్యాటరీ డిసెంబరులో ప్రాణం విడుస్తుంది. టెర్మినళ్ల మీది తెల్లపొడి కడిగి వ్యాజిలైన్ రాయించండి. పిల్లల డబ్బాలోదే, కాస్త!

ఇవన్నీ చేసినా ఒకటి మిగిలిపోతుంది. ఆ వేళప్పుడు డ్రైవర్ ఎందుకు పరిగెడతాడు? చీకటుండగానే పట్టుబడి అయిపోతుంది. చేప ప్యాకింగుకు చేరాలి, ఐసులో సర్దాలి, హౌరా లారీ ఎక్కాలి. బండి కదిలిందో లేదో ఫోను మోగుతుంది.

‘ఎక్కడున్నావురా?’

‘మంచండీ... అసలేం కనబడట్లేదండీ.’

‘మాకు లేదేంటి మంచు? తొందరగా రా!’

ఇంక అద్దం తుడిచినా, స్టిక్కరు అతికించినా ఏం లాభం? చెరువు రైతులూ, వ్యాపారులూ ఒక్కసారి ఈ లెక్క చూడండి. మే నెల ఎండలో కరిగినట్టు డిసెంబరు తెల్లారుజామున ఐసు కరగదు. రెండు బుట్టల ఐసు ఎక్కువ వేసి పంపితే, మంచు పట్టిన రోజున బండి రోడ్డు దిగి, పెట్రోలు బంకులోనో టీకొట్టు దగ్గరి ఖాళీ జాగాలోనో రెండు గంటలు ఆగినా చేప పాడవదు. ఎండ ఎక్కేకొద్దీ ఎనిమిదికో, తొమ్మిదికో దారి తెరుచుకుంటుంది. ఆ రెండు బుట్టల ఖరీదెంతో, ముందు బంపరు మార్పించడానికి ఎంతవుతుందో మీ మెకానిక్‌నే అడగండి. ఇక డ్రైవర్‌కు ఆ మాటేదో ముందురోజు రాత్రే చెప్పేయండి, ‘మంచుంటే ఆగి రా, నేనేమీ అనను’ అని. తెల్లారుజామున ఫోనులో చెబితే, మాట్లాడడానికి ఆ మంచులోనే ఒక చెయ్యి స్టీరింగు వదలాలి కదండీ.