సరిహద్దుకు అటు వాటా... ఇటు సిఫారసు!
చిన్న గుత్తేదారులకు ప్రభుత్వ పనులు అందని ద్రాక్షేనా?

ఆదోని: 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించినపుడు నాటి బళ్లారి జిల్లా చీలిపోయింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు రాగా, మిగిలిన ప్రాంతం మైసూరు రాష్ట్రంలో కలిసింది. గీత పడినా బంధుత్వాలు తెగలేదు. నేటికీ ఆదోని డివిజన్ పల్లెల్లో పెళ్లి కుదిరిందంటే, పెళ్లివారు బళ్లారి, సిరుగుప్ప వైపు నుంచి వచ్చారనడం వింత కాదు. అయితే ఒకే ఇంటిపేరు, ఒకే కులవృత్తి కలిగిన ఇద్దరు తాపీ మేస్త్రీలు గుత్తేదారులుగా ఎదగాలనుకున్నపుడు మాత్రం ఆ గీత అడ్డుగోడగా నిలుస్తోంది. అటువైపు వానికి చట్టబద్ధమైన వాటా ఉంది. ఇటువైపు వాడు నాయకుని గడప ముందు నిలబడాల్సి వస్తోంది.

కర్ణాటకలో ప్రభుత్వ కొనుగోళ్ల పారదర్శకతా చట్టం 1999 నాటిది. 2016లో దానికి చేసిన సవరణ ద్వారా రూ.50 లక్షల లోపు నిర్మాణ పనుల్లో షెడ్యూల్డ్ కులాల గుత్తేదారులకు 17.15 శాతం, షెడ్యూల్డ్ తెగల వారికి 6.95 శాతం కేటాయించారు. రెండూ కలిపితే 24.10 శాతం. 2023లో పని విలువ పరిమితిని రూ.కోటికి పెంచారు. ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటుంది. ఈ వాటా టెండరు పనుల్లోనే వర్తిస్తుంది. అంటే ప్రకటన వెలువడినపుడే ఫలానా పని ఫలానా వర్గానికని తేలిపోతుంది. ఆ వర్గంలోని గుత్తేదారులు తమలో తాము పోటీపడతారు. ఎవరి సిఫారసూ అవసరం లేదు.

ఆంధ్రప్రదేశ్‌లోనూ చట్టం లేకపోలేదు. 2019 జులైలో శాసనసభ ఆమోదించిన బిల్లు ప్రకారం నామినేషన్‌పై ఇచ్చే పనులు, సేవల కాంట్రాక్టుల్లో 50 శాతం బీసీ, ఎస్సీ, ఎస్టీ, మైనార్టీ వర్గాలకు, అందులో సగం ఆ వర్గాల మహిళలకు దక్కాలి. శాతాల్లో చూస్తే కర్ణాటక కన్నా మనదే ఉదారం. మైనార్టీలను, మహిళలను ప్రత్యేకంగా పేర్కొనడం విశేషమే. కానీ కీలకం 'నామినేషన్' అన్న ఒక్క మాటలో ఉంది. టెండరు లేకుండా అప్పగించే పనులు సహజంగానే చిన్నవి. పాఠశాల ప్రహరీ, వీధి చివర మురుగు కాలువ, తాగునీటి పైపులైను మరమ్మతు వంటివి. పైగా నామినేషన్ పని ఎవరికన్నది కార్యాలయంలో కన్నా ముందే నాయకుల ఇళ్లలో నిర్ణయమవుతుందన్నది ఊళ్లో పిల్లవానికి కూడా తెలిసిన సంగతి. సగం వాటా ఇచ్చినా ఆ సగంలో ఎవరన్నది తేల్చే చేయి మారనపుడు, చట్టం కాగితంపై ఎంత ఘనంగా ఉన్నా క్షేత్రస్థాయిలో దాని ప్రభావం పరిమితమే.

ఒకే కులం... రెండు జాబితాలు

సరిహద్దు మండలాల్లో ఈ వ్యత్యాసం మరింత కొట్టొచ్చినట్లు కనిపించడానికి కులాల జాబితాలు మరో కారణం. రాళ్లు కొట్టడం, మట్టి పని, చెరువు కట్టల నిర్మాణం తరతరాలుగా వడ్డెరల వృత్తి. నిర్మాణ రంగానికి వీరికన్నా దగ్గరి వారు ఎవరుంటారు? కర్ణాటకలో భోవి పేరిట వీరు షెడ్యూల్డ్ కులాల జాబితాలో ఉండగా, ఇక్కడ బీసీ-ఎ. వాల్మీకి, నాయక వర్గం వారు అక్కడ షెడ్యూల్డ్ తెగ. ఇక్కడి బోయలు మైదాన ప్రాంతంలో బీసీ-ఎ, ఏజెన్సీలో మాత్రమే ఎస్టీ. వీరిని ఎస్టీల్లో చేర్చాలని రాష్ట్ర శాసనసభ 2017లోనూ, మళ్లీ 2023 మార్చిలోనూ కేంద్రాన్ని కోరింది. లంబాడీల విషయంలో ఇది తిరగబడింది. ఇక్కడ ఎస్టీ అయినవారు అక్కడ ఎస్సీ.

ఫలితంగా బళ్లారి వైపు భోవి యువకుడు రూ.కోటి లోపు టెండరులో తన వర్గానికి కేటాయించిన పనికి పోటీపడగలడు. అతని మేనబావ ఇటువైపు అదే రాయి కొడుతూ అదే గోడ కడుతున్నప్పటికీ బహిరంగ టెండరులో ప్రత్యేక శ్రేణి గుత్తేదారుతో సమానంగా ధర వేయాలి. లేదా నామినేషన్ పని కోసం ఎదురుచూడాలి. ఈ ప్రాంతంలో తాపీ, సెంట్రింగు, టైల్సు పనుల్లో పేరున్న దూదేకుల, ముస్లిం మేస్త్రీల పరిస్థితీ ఇదే. పని వారిది, లైసెన్సు మరొకరిది.

టెండరు పెట్టె పోయింది, పోటీ పెరిగింది

పాత రోజులు మంచివని చెప్పడం ఈ విశ్లేషణ ఉద్దేశం కాదు. టెండరు పెట్టెల కాలంలో షెడ్యూళ్లు అమ్మకుండా దాచడం, పెట్టె వద్ద మనుషులను కాపలా ఉంచి కొత్తవారిని వెనక్కి పంపడం, గుత్తేదారులు 'రింగు' కట్టి పనులు పంచుకోవడం పరిపాటిగా ఉండేది. 2003లో ఉమ్మడి రాష్ట్రంలో ఈ-ప్రొక్యూర్‌మెంట్ ప్రవేశపెట్టడం, అదే ఏడాది జులై 1న నీటిపారుదల శాఖ 94వ నంబరు జీవో ద్వారా టెండరు నిబంధనలను సంస్కరించడం ఆ దౌర్జన్యానికి చాలావరకు చెక్ పెట్టాయి. పెట్టె దగ్గర కర్ర పట్టుకుని నిలబడేవాడికి కంప్యూటరు ముందు పని లేకుండా పోయింది.

కానీ ఆ ద్వారం గుండా చిన్నవాడు లోపలికి రావడం కన్నా, దూరపు పెద్దవాడు మండలానికి రావడమే ఎక్కువగా జరిగింది. యంత్రాలు సొంతంగా ఉన్న సంస్థ అంచనా కన్నా పాతిక, ముప్పై శాతం తక్కువకు ధర వేసి పని దక్కించుకుని, ఆపై అదే పనిని స్థానికునికి ఉప గుత్తకు అప్పగిస్తుంది. లాభం పట్నానికి, తలనొప్పి పల్లెకు. నాణ్యత లోపించిందని విచారణ వస్తే ఇరుక్కునేదీ స్థానికుడే.

నిబంధనల్లోని పెట్టుబడి భారం లెక్కగట్టి చూస్తే విషయం తేటతెల్లమవుతుంది. 94వ జీవో ఏర్పరచిన పద్ధతిలో ధరావతు రెండున్నర శాతం, బిల్లుల నుంచి మినహాయించే భద్రతా డిపాజిట్ ఏడున్నర శాతం. రూ.20 లక్షల పనిలో రూ.50 వేలు ముందే చెల్లించాలి. మరో రూ.1.50 లక్షలు శాఖ వద్ద నిలిచిపోతాయి. పోటీకి తట్టుకోలేక 30 శాతం తక్కువకు, అంటే రూ.14 లక్షలకు వేశాడనుకుందాం. అంచనాలో 75 శాతం, అంటే రూ.15 లక్షలతో పోల్చి ఆ తేడా లక్ష రూపాయలను ఒప్పందం నాటికే అదనపు డిపాజిట్‌గా కట్టాలి. నిష్పూచీగా ధర తగ్గించేవారిని అదుపు చేయడానికి ఇది అవసరమైన నిబంధనే. కాకపోతే బ్యాంకు గ్యారంటీ ఇవ్వగలవాడికి ఇది కాగితం, ఇవ్వలేనివాడికి భార్య మెడలోని గొలుసు. ఆదాయపు పన్ను ఒక శాతం, కార్మిక సంక్షేమ సెస్సు ఒక శాతం, జీఎస్టీ కోత వేరు. ప్రభుత్వ నిర్మాణ పనులపై జీఎస్టీ 2022 జులైలో 12 నుంచి 18 శాతానికి పెరిగినపుడు, పాత రేటుతో ఒప్పందం చేసుకున్నవారు తేడా ఎవరు భరించాలో తెలియక కార్యాలయాల చుట్టూ తిరిగారు.

రిజిస్ట్రేషన్‌కు కావలసిన సాల్వెన్సీ సర్టిఫికెట్ సంగతి సరేసరి. స్థిరాస్తి లేనివానికి ఆస్తిపరుడన్న ధ్రువీకరణ ఎవరిస్తారు? ఎస్సీ కాలనీలోని పట్టా ఇంటికి, ఈనాం భూమిలోని గుడిసెకు విలువ కట్టే అధికారి అరుదు.

బిల్లు రాక... వడ్డీ పోక

ఈ అవరోధాలన్నీ దాటినవాడిని చివరకు కూల్చేది బిల్లు. పని పూర్తయ్యాక ఏఈ ఎం-బుక్‌లో కొలతలు రాయాలి. డీఈఈ సరిచూడాలి. నాణ్యతా విభాగం ఆమోదించాలి. ఈఈ సంతకం తరువాత పీఏఓకు, అక్కడి నుంచి ఆర్థిక శాఖ క్యూలోకి. ఈ క్యూలో చిన్న, పెద్ద తేడా లేదంటారు. కానీ పెద్దవాడికి క్యూలో నిలబడే ఓపిక ఉంటుంది.

సిమెంటు, కడ్డీ, కంకర అప్పు మీద తెచ్చి, కూలీలకు వారం వారం ఇవ్వడానికి రూ.12 లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన మేస్త్రీకి నెలకు రూ.24 వేల వడ్డీ. ఏడాది తిరిగేసరికి రూ.2.88 లక్షలు. రూ.20 లక్షల పనిలో పదిహేను శాతం మిగులుందనుకున్నా రూ.3 లక్షలే. బిల్లు ఏడాది ఆలస్యమైతే అతడు ఊరికి ఉచితంగా పని చేసిపెట్టినట్లే. అందుచేత రిజర్వేషన్ ఎంత శాతమన్న ప్రశ్న కన్నా బిల్లు ఎన్ని రోజులకన్న ప్రశ్నే పెద్దదని ఈ విలేకరి అభిప్రాయం.

ఇది ఊహాజనితం కాదు. 2018-19లో ఉపాధి హామీ సామగ్రి పద్దు కింద చేసిన పనుల బకాయిల కోసం రాష్ట్రంలో ఎందరో హైకోర్టు మెట్లెక్కారు. 12 శాతం వడ్డీతో చెల్లించాలని 2021 అక్టోబరులో న్యాయస్థానం ఆదేశించవలసి వచ్చింది. తెలంగాణలోనూ ఇదే వ్యథ. 2025 మార్చిలో హైదరాబాద్‌లోని సచివాలయంలోనే చిన్న కాంట్రాక్టర్లు బకాయిల కోసం ఆందోళనకు దిగారు.

కేంద్ర చట్టాలైనా ఆదుకుంటాయా అంటే అక్కడా వెలితే. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చిన్న సంస్థలకు 45 రోజుల్లో చెల్లించాలని, జాప్యమైతే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ ఇవ్వాలని చెబుతోంది. కానీ నిర్మాణ కాంట్రాక్టులు దీని పరిధిలోకి రావని పలు తీర్పులు వెలువడ్డాయి. 2012 నాటి కేంద్ర కొనుగోలు విధానం కూడా అంతే. కేంద్ర శాఖలు, సంస్థలు తమ కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి, అందులో 4 శాతం ఎస్సీ, ఎస్టీ సంస్థల నుంచి, 3 శాతం మహిళల సంస్థల నుంచి చేపట్టాలన్నది లక్ష్యం. ఇది వస్తువులకు, సేవలకే. కుర్చీలు సరఫరా చేసే చిన్నవాడికి రక్షణ ఉంది, ఆ కుర్చీలు వేసే గదిని కట్టినవాడికి లేదు!

బినామీల బెడద

వాటా ఉన్నచోట బినామీ పుట్టడం సహజం. ఎస్సీ, ఎస్టీ యువకుని పేరిట లైసెన్సు తీసి, అతనికి ఒకటో రెండో శాతం చేతిలో పెట్టి పెద్ద గుత్తేదారు పని చేసుకోవడం కొత్త కాదు. మహిళల పేరిట వచ్చిన పనుల్లో భర్తే మేస్త్రీ, భర్తే మదుపరి, సంతకం మాత్రం ఆమెది. దీన్ని చూపి రిజర్వేషనే దండగ అనేవారున్నారు. సర్పంచి పదవుల్లోనూ మొదట్లో ఇదే జరిగింది కదా! పెట్టుబడి లేనివానికి వాటా ఇచ్చి వదిలేస్తే, పెట్టుబడి ఉన్నవాడు ఆ వాటాను కొనుక్కుంటాడు. లోపం వాటాలో కన్నా దాని వెంట రావలసిన అప్పులో ఉంది. 2016లో ఆరంభమైన స్టాండప్ ఇండియా కింద ఎస్సీ, ఎస్టీ, మహిళలకు రూ.10 లక్షల నుంచి రూ.కోటి వరకు రుణాలిచ్చారు. అది కొత్తగా స్థాపించే సంస్థలకు ఉద్దేశించినది. పని ఆర్డరు చేతబట్టుకుని వచ్చిన మేస్త్రీకి ఆ ఆర్డరు మీద ఆర్నెల్ల అప్పు ఇచ్చే బ్యాంకు కావాలి.

కర్ణాటకలో అంతా సవ్యంగా ఉందని భ్రమపడనక్కర్లేదు. 40 శాతం కమీషన్లు అడుగుతున్నారని 2021లో అక్కడి గుత్తేదారుల సంఘమే ప్రధానికి లేఖ రాసింది. 2025 మార్చిలో పరిమితిని రూ.2 కోట్లకు పెంచుతూ, 2-బి వర్గం కింద ముస్లింలకు 4 శాతం చేర్చుతూ శాసనసభ బిల్లు ఆమోదించగా పెద్ద రాజకీయ దుమారం రేగింది. గవర్నరు దాన్ని ఏప్రిల్‌లో రాష్ట్రపతి పరిశీలనకు నివేదించారు. మతప్రాతిపదికన వాటా చెల్లదన్నది ఒక వాదన, అది వెనుకబాటుతనం ప్రాతిపదికన ఇచ్చిందేనన్నది మరో వాదన. అయినా ఎస్సీ, ఎస్టీల 24.10 శాతం మాత్రం టెండరు పుస్తకంలోకి ఎక్కింది. దిగలేదు.

చేయదగినవి

మన వద్ద తక్షణం చేయదగినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. నామినేషన్‌కే పరిమితమైన వాటాను ఒక పరిమితి లోపు టెండరు పనులకూ రోస్టరు పద్ధతిలో విస్తరించడం మొదటిది. చిన్న పనులను కలిపి ఒకే ప్యాకేజీగా పిలిచే అలవాటును మానడం అంతకన్నా ముఖ్యం. ఐదు గ్రామాల సీసీ రోడ్లను ఒకే టెండరులో పెట్టినపుడే ఐదుగురు స్థానికులు అనర్హులవుతారు. ఏ రిజర్వేషనూ అప్పుడు వారిని కాపాడదు. పర్యవేక్షణ సులువని ఇంజినీర్లు ప్యాకేజీలను కోరుకోవడంలో కొంత న్యాయం లేకపోలేదు. సిబ్బంది కొరత వాస్తవమే. కానీ ఆ సౌలభ్యానికి మూల్యం చెల్లిస్తున్నది ఎవరో గుర్తించాలి.

నిర్ణీత మొత్తం లోపు బిల్లులకు ప్రత్యేక క్యూ ఉండాలి. ధరావతులో చిన్న శ్రేణి గుత్తేదారులకు సడలింపు ఇవ్వవచ్చు. ఏ వర్గానికి ఎన్ని పనులు, ఎంత విలువ, బిల్లు ఏ తేదీన చెల్లించారో డివిజన్ వారీగా ప్రతి నెలా ప్రకటించవచ్చు. పనులు సంఖ్యలో సగం ఇచ్చి విలువలో పదోవంతు ఇస్తున్నారా అన్నది అప్పుడే తేలుతుంది. ఈ వివరాలన్నీ కంప్యూటర్లలో ఇప్పటికే ఉన్నాయి. వర్గాల వారీగా వేరుచేసి ముద్రించడమే తరువాయి. పంచాయతీరాజ్, రోడ్లు భవనాల శాఖల డివిజన్ కార్యాలయాల్లో ఆ జాబితాను నోటీసు బోర్డుకు అంటించడానికి కావలసినది నాలుగు కాగితాలు, కాస్త జిగురు.