కనిపించని ముద్రణయంత్రం

వ్రాసినదానిని అచ్చువేయించడం ఒకప్పుడు కళ్లెదుట జరిగే పని. నేటి విశ్వవిద్యాలయాలలో వ్రాసే మనిషి ఒకచోట, ముద్రించే యంత్రం మరొకచోట ఉండవచ్చు. వసతిగృహంలో కూర్చున్న విద్యార్థి ఎస్.ఎస్.హెచ్. అనే సాధనం ద్వారా విశ్వవిద్యాలయ సర్వరులోనికి ప్రవేశించి ఒక పంక్తి టైపు చేస్తే, గ్రంథాలయంలోని ప్రింటరు అతని వ్యాసాన్ని ముద్రిస్తుంది. ఇది గొప్ప సౌకర్యమే. అయితే, కంటికి కనిపించని యంత్రంతో పని చేయించుకొనేవారికి దాని స్థితిగతులు తెలుసుకొనే హక్కు కూడా ఉండాలని నా అభిప్రాయం.

అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో 1980 ప్రాంతంలో ఈ హక్కుకే భంగం కలిగింది. అక్కడి కృత్రిమ మేధా ప్రయోగశాలలో పాత ప్రింటరుకు కాగితం అడ్డుపడితే, వేచి ఉన్నవారందరికీ కబురు అందేటట్లు రిచర్డ్ స్టాల్‌మన్ దాని ప్రోగ్రామును సవరించాడు. తరువాత జిరాక్స్ సంస్థ నుండి కొత్త లేజర్ ప్రింటరు వచ్చింది. దాని ప్రోగ్రాము మూలపాఠం లభించకపోవడంతో ఆ సవరణ సాధ్యం కాలేదు. యంత్రమేమో ఎక్కువమంది పనిచేసే అంతస్తులో లేదు. కాగితాలకోసం వెళ్లినవారికి ఆగిపోయిన యంత్రం ఎదురయ్యేది. 1983లో ఆయన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం గ్నూ ప్రణాళికను ప్రకటించడానికి ప్రేరణ ఇచ్చిన అనుభవాలలో ఇదొకటి.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్లీ యూనిక్స్‌లో ఈ అవసరానికి మూడు ఆదేశాలు ఉండేవి. ఎల్.పి.ఆర్. ముద్రణకు పంపుతుంది. ఎల్.పి.క్యూ. వరుసను చూపుతుంది. ఎల్.పి.ఆర్.ఎమ్. పంపినదానిని రద్దు చేస్తుంది. 1999లో వెలువడిన కప్స్ అనే ముద్రణ వ్యవస్థ కూడా వీటిని నిలుపుకొన్నది. మన వాక్యంలో క్రియ సాధారణంగా చివర వస్తుంది. ఈ ఆదేశాలలో క్రియదే మొదటి స్థానం, ఎల్.పి.ఆర్.లోనైతే ఆపై ప్రింటరు పేరు, చివర ఫైలు పేరు. ఈ వ్యాకరణం ఒక్క పూటలో పట్టుబడుతుంది.

మూడింటిలో ఎల్.పి.క్యూ. నాకు మిక్కిలి విలువైనదిగా తోస్తుంది. ఎవరి పని ముందున్నది, ఎవరిది వెనుక, దాని సంఖ్య ఎంత, పరిమాణం ఎంత అన్నది అందరికీ ఒకే తీరుగా చూపుతుంది. ఆచార్యుని పత్రమైనా, మొదటి సంవత్సరం విద్యార్థి పత్రమైనా అదే వరుసలో కనిపిస్తుంది. (ఫైలు పేరు సైతం ఇతరుల కంట పడవచ్చు కనుక, పేరు పెట్టేటప్పుడే జాగ్రత్త వహించాలి!) సాధారణ విద్యార్థి తన పనిని మాత్రమే రద్దు చేయగలడు, పరుల పనిని తొలగించలేడు.

తెరపై బొమ్మను నొక్కితే సరిపోయేదానికి ఇంత శ్రమ దేనికని కొందరు అడుగుతారు. నొక్కిన తరువాత ఏమైనదో తెలియనివాడు మళ్లీ నొక్కుతాడు. నలభై పుటల వ్యాసం నాలుగుసార్లు అచ్చవుతుంది. వెనుక ఉన్నవారు గడువు దాటిపోతున్నా నూట అరవై పుటలు ముగిసేదాకా నిలబడవలసి వస్తుంది. వరుసను చూడడం నేర్చినవాడు అదనపు ప్రతులను ముద్రణకు ముందే ఉపసంహరించుకొంటాడు. అందుచేత కంప్యూటరు ప్రయోగశాలలో తొలి వారంలోనే ఈ మూడు ఆదేశాలనూ నేర్పాలి.

తెలుగులో వ్రాసేవారికి మరొక చిక్కున్నది. సాదా పాఠంగా పంపితే మన ఒత్తులు, గుణింతాలు చెదిరిపోవచ్చు. వరుస పట్టిక ఈ తప్పును పసిగట్టలేదు. ఫాంటును తనలో ఇముడ్చుకొన్న పి.డి.ఎఫ్.గా మార్చి, మొదట ఒక్క పుట పంపి చూసుకోవడం మేలు.