పెట్టె మన యింట, తాళపుచెవి పరుల చేత

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములలో నేడు ఏ యింట జూచినను టీ.వీ. క్రింద నొక నల్లని చిన్న పెట్టె కన్పట్టుచున్నది. దానిని సెట్‌టాప్ బాక్సందురు. అది లేనిదే బొమ్మ రాదు. దానికి రొక్కమిచ్చినవారము మనము; కరెంటిచ్చువారము మనము; నెలనెల కప్పము కట్టువారమును మనమే. కాని దానిని తెరచుటకు గాని మూయుటకు గాని మనకధికారము లేదు. నెల తిరిగి రెండు దినములు జాగైనచో, ఏ కరీంనగరముననో హైదరాబాదుననో కూర్చున్నవాడొక మీట నొక్కును. ఇచ్చట మన తెర నల్లబడును. ఇప్పుడా పెట్టెయు పాతబడినదట, హెచ్.డి. పెట్టె కొనవలెనట! బొమ్మ అద్దమువలె నుండునని వీథివీథిని చాటుచున్నారు. ఈ సందర్భమున మేము కొన్ని నిష్ఠురపు మాటలు పలుకక తప్పినది కాదు.

మేము మార్పునకు విరోధులము గాము. పాత అనలాగు కాలమును తలచి కన్నీరు గార్చువారిలో మేము చేరము. వానకు తీగ తడిసినంతనే తెరపై మంచు కురియుటయు, ఒక మనుష్యుని వెనుక వాని నీడ మరియొకటి నిలుచుటయు, వీథి మొదటి యింట నిండుగా వచ్చు బొమ్మ చివరి యింట మసకబారుటయు మనమందరము చూచిన సంగతులే. 1991లో గల్ఫు యుద్ధమును ఇంటింట చూపుటతో ఈ దేశమున కేబులు వ్యాపారమునకు ఊపు వచ్చెను. 1995లో జెమిని, ఈటీవీ అను తెలుగు ఛానళ్లు వెలసెను. కేబులు వ్యాపారమునకొక చట్టము నేర్పడినది ఆ యేటనే. అనలాగు పద్ధతిలో ఒక తీగపై నూరు ఛానళ్లు పంపుటయే గగనము. డిజిటలు పద్ధతిలో నన్ననో, ఒక అనలాగు ఛానలు పట్టుచోట పదింటికి మించి పట్టును. అదియును గాక, వేలయిండ్లకు తీగ లాగి వానిలో కొన్నింటికే లెక్క చూపు అలవాటు దేశమంతట నుండెనని ప్రభుత్వమువారు చెప్పిరి. అది అసత్యము గాదు. కావున మార్పు రావలసినదే. వచ్చిన తీరును గూర్చియే మా తగవు.

2011 డిసెంబరులో చట్టమును సవరించి, దేశమును నాలుగు దశలుగా విభజించి, అనలాగును తీసివేయ నిశ్చయించిరి. 2012లో నాలుగు మహానగరములు, 2013లో హైదరాబాదు, విశాఖపట్టణము మొదలగు 38 నగరములు, మూడవ దశలో మిగిలిన పట్టణములన్నియు, అనగా మన పురపాలకములు, కడపట పల్లెలు. మన పట్టణములకు మొదట పెట్టిన గడువు 2014 సెప్టెంబరు 30. అది 2015 డిసెంబరు 31కి జరిగెను. న్యాయస్థానములలో వ్యాజ్యములు నడచెను. తుదకు 2017 జనవరి 31 వరకు సాగెను. పల్లెల గడువు అటు పిమ్మట రెండు మాసములు. ఈ నడుమ 2016 అక్టోబరులో మన పాత కరీంనగరు జిల్లాయే విడిపోయి జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలేర్పడినవి! జిల్లాలు మారుటకు పట్టినంత కాలము పెట్టెలు మారుటకు పట్టలేదని చెప్పుటకు వీలులేకపోయెను.

ఆ పొడిగింపు ప్రజలపై కనికరముచే జరిగినది గాదు. స్వదేశమున పెట్టెలు చేయువారికి వ్యవధి నిచ్చుట కొరకని 2014లో చెప్పిరి. అంతకు ముందటి యేట విదేశపు పెట్టెలపై దిగుమతి సుంకమును నూటికి 5 నుండి 10కి పెంచిరి. మాట మంచిదే. స్వదేశీ యన్నచో మా చెవులు నిక్కబొడుచుకొనును. కాని పాఠక మహాశయులు ఒక పని చేయుదురుగాక. ఈ పుట చదివి యింటికి బోయి, ఆ పెట్టెను తలక్రిందులు చేసి, దాని యడుగున నంటించిన కాగితముపై ఏ దేశపు పేరున్నదో చదువుకొందురుగాక. మేము చెప్పనక్కరలేదు. మగ్గములతో బ్రతుకు సిరిసిల్ల వారికి, పరదేశపు సరకు మన యింట జేరుట యెట్లుండునో ఒకరు బోధింప నవసరము లేదు.

భాష సంగతి అంతకన్న సిగ్గుపడదగినది. 1935లో నిజాము రాష్ట్రాంధ్ర మహాసభ నాల్గవ సమావేశము మాడపాటి హనుమంతరావు పంతులుగారి అధ్యక్షతన జరిగినది ఈ సిరిసిల్లలోనే. తెలుగు మాటకు పీట దొరకని కాలమున తెలుగు మాటకై పోరిన సభ యది. అట్టి పట్టణమున నేడు మీట నొక్కగనే పెట్టె తెరపై వ్రాయు మాటలేవి? 'నో సిగ్నల్', 'సబ్‌స్క్రిప్షన్ ఎక్స్‌పైర్డ్', 'కార్డ్ ఎర్రర్'! అక్షరము లింగ్లీషువి, మాట లింగ్లీషువి. కొడుకు దుబాయిలో నుండ, కోడలు పొలమునకు బోవ, ఇంట నొంటిగా నున్న ముసలమ్మకు ఈ మూడింటి భేద మెట్లు తెలియును? తీగ తెగినదో, కార్డు జారినదో, రూకలు బాకీపడినవో ఆమె యెరుగదు. ఆమె యెరిగినది బొమ్మ పోయినదన్న ఒక్క సంగతియే. ఛానలును వెదకు పట్టికయు ఇంగ్లీషే. చేరునపుడు వ్రేలిముద్ర వేయించుకొను ఫారమును ఇంగ్లీషే. తెలుగు సినిమా చూపి తెలుగువాని సొమ్ము గొనువారికి, బాకీ యడుగునపుడైనను తెలుగు రాదా?

ఇక సొమ్ము సంగతి. 2017 మార్చిలో ట్రాయ్ అను నియంత్రణ సంస్థవారు క్రొత్త ధరల ఉత్తర్వును ప్రకటించిరి. ఛానళ్ల యజమానులు న్యాయస్థానముల కెక్కిరి. 2018 అక్టోబరు 30న సుప్రీంకోర్టు ట్రాయ్ వారి యధికారమును స్థిరపరచెను. 2019 ఫిబ్రవరి 1 నుండి అది యమలునకు వచ్చినది. చూచిన ఛానలుకే వెల యియ్యవచ్చును, చూడనిదానికి కాసు నియ్యనక్కరలేదు అని అప్పుడు మనకు తీపికబురు చెప్పిరి. జరిగినదేమి? ఏ ఛానలును చూడకమునుపే నెట్‌వర్క్ కెపాసిటీ ఫీజని 130 రూపాయలు. మనమైతే దీనిని దారిసుంకమందుము. దానిపై జీ.ఎస్.టీ. నూటికి 18. వెరసి 153 రూపాయల 40 పైసలు. ఇది నూరు ఛానళ్ల దారికి. వెలగల ఛానళ్ల వెల మరల వేరు. 2020 జనవరిలో ఆ సొమ్మునకే 200 ఛానళ్లనిరి, కొంత మేలే. కాని 2024 జూలైలో ఆ దారిసుంకమునకు గల గరిష్ఠ పరిమితినే యెత్తివేసిరి. పోటీయే ధరను అదుపున నుంచునట. ఒక వీథికి ఒక్కడే కేబులువాడున్నచోట పోటీ యెవరితో? తన గోడ నీడతోనా?

హెచ్.డి. కథ ఇంకను చిత్రమైనది. 2017 నాటి ఉత్తర్వులో ఒక హెచ్.డి. ఛానలు రెండు మామూలు ఛానళ్లతో సమానముగ లెక్కింపబడెను. అనగా పండ్రెండు హెచ్.డి. ఛానళ్లు కోరినవాని నూరింటిలో ఇరువదినాల్గు చోట్లు పోయినట్లే. దీనిలో న్యాయము లేదని మే మనము. మామూలు బొమ్మ 720 చుక్కల వెడల్పు, 576 వరుసల యెత్తు. అనగా 4,14,720 చుక్కలు. నిండు హెచ్.డి. బొమ్మ 1920కి 1080, అనగా 20,73,600. సరిగా అయిదింతలు. అయిదింతల సరకు పంపువాడు దారి ఎక్కువ కోరుట సహజము. కాని ఆ అయిదింతలు మన కంటికి చేరుచున్నవా అనునదియే ప్రశ్న.

ఇచ్చట మా పాఠకులొక సూక్ష్మమును గమనింపవలెను. దుకాణములవారు దీనిని సాధారణముగ చెప్పరు. పసుపు, ఎరుపు, తెలుపు రంగుల మూడు మూతుల తీగతో పెట్టెను టీ.వీ.కి కలిపినంతకాలము, పెట్టె హెచ్.డి.దైనను బొమ్మ మామూలుదే. ఆ పసుపు తీగ గుండ హెచ్.డి. బొమ్మ పోజాలదు. హెచ్.డి.ఎమ్.ఐ. అను పలుచని వెడల్పు మూతి తీగ కావలెను. అది గ్రుచ్చుటకు టీ.వీ.కి తగిన రంధ్రము నుండవలెను. వెనుక బొజ్జగల పాత గాజుబుడ్డి టీ.వీ.లలో సాధారణముగ అది లేదు. ఇక ఛానలే మామూలుదైనచో పెట్టె దానిని సాగదీసి చూపును గాని లేని చుక్కలను పుట్టింపజాలదు. ఇట్లు హెచ్.డి. పెట్టెకు వెల యిచ్చి, హెచ్.డి. ప్యాకునకు నెలనెల చెల్లించి, పాత మూడు రంగుల తీగతో పాత బొమ్మనే చూచుచు, 'ఆహా, ఎంత తేటగా నున్నది!' అని మురియు సోదరులను మే మెరుగుదుము. వారిని చూచి నవ్వుటకు మనసొప్పదు. తీగ గ్రుచ్చినవానికి తెలియదా? తెలిసియు చెప్పకపోవుటను ఏమనవలెను?

కొందరు మిత్రులు మమ్ము ప్రశ్నింతురు: టీ.వీ. విలాస వస్తువు గదా, కలిగినవాడు చూచును, లేనివాడు మానును, దీనికై సంపాదకీయ మేల యని. వారు 2020 సంవత్సరమును మరచిరి. కరోనాచే బడులు మూతబడగా, ఆ యేటి సెప్టెంబరు 1 నుండి మన రాష్ట్రమున సర్కారు బడి పిల్లల పాఠములు దూరదర్శన్ యాదగిరిలోను టీ-శాట్ ఛానళ్లలోను సాగినవి. ఆ దినములలో టీ.వీ.యే బడి, తెరయే నల్లబల్ల. కోరుట్లలో చాట నొడిలో నుంచుకొని బీడీలు చుట్టు తల్లి, సిరిసిల్లలో సాంచెల చప్పుడు నడుమ దినమంతయు నిలుచు తండ్రి, పని నిలిచిన ఆ రోజులలో కేబులు రూక లెచ్చటినుండి తేగలరు? కట్టలేనివాని యింట నల్లబడిన తెర ఏ సినిమాను గాదు, గణితపాఠమును మ్రింగినది. దూరదర్శన్ ఛానళ్లను కేబులువారు తప్పక చూపవలెనని చట్టమున్నది. కాని పెట్టె నిలిచినపుడు అవియు నిలుచును! వెలలేని ఛానలును సహితము తాళములోనే యుంచుట యెట్టి ధర్మము? బాకీపడినవానికి సినిమాలను ఆపుడు, ఆటలను ఆపుడు. సర్కారు పాఠమును, తుపాను వార్తను ఆపు హక్కు ఎవరికిని ఉండరాదు.

డీ.డీ. ఫ్రీ డిష్ ఉన్నది గదా యందురు. నిజమే, 2004 డిసెంబరు నుండి నెల చందా లేక నడచుచున్న ఆ యేర్పాటును మేము మెచ్చుకొందుము. గొడుగు పెట్టుకొన మేడ గలవారు పెట్టుకొనవచ్చును. అయితే తెలుగువారు నిత్యము చూచు ఛానళ్లలో పెక్కు అందు లేవు. ఇరుకు గదులలో అద్దెకుండువారికి కప్పుపై హక్కును లేదు.

ఇంత చెప్పి వీథి కేబులువానిని మాత్రమే దూషించినచో మేమన్యాయము చేసినవార మగుదుము. అతడు మనవాడే. వర్షములో స్తంభమెక్కువాడతడు, బొమ్మ రానపుడు తిట్లు తినువాడతడు. ఒకప్పుడు వాని కంట్రోల్ రూమే వాని రాజ్యము. మేడపై వరుసగ గొడుగులు, క్రింద గదిలో యంత్రములు. అచ్చటినుండియే లోకల్ ఛానలు. బతుకమ్మ ఆటలు, వేములవాడ జాతర, నల్లా నీరు రాని దినము, తప్పిపోయిన పిల్లవాని ఫొటో అన్నియు దానిలో వచ్చెడివి. డిజిటలు వచ్చినపిమ్మట తాళము వేయు యంత్రము ఎమ్.ఎస్.ఓ. యను పైవాని చేతికి బోయినది. వీథివాడిక తన తీగపై తన యిష్టమున నొక ఛానలును పెట్టజాలడు, పైవాడు చోటిచ్చినపుడే. దారిసుంకములోను, వేరు ఒప్పందము కుదరనిచో, నూటికి 55 పైవానికి, 45 వీథివానికి అని నియమము. ఊరి వార్త పోయెను. ఊరివాని స్వాతంత్ర్యమును పోయెను. అతడు సొంతదారు స్థానమునుండి వసూలు గుమాస్తా స్థానమునకు దిగెను. కావుననే అతడు రసీదు నడిగిన విసుగుకొనును. మేము వాని విసుగును క్షమింతుము గాని రసీదు లేకపోవుటను క్షమింపము.

అన్నింటికన్న పెద్ద సంకెల వేరొకటి యున్నది. 2011 జనవరి నుండి దేశమంతట సెల్ ఫోను నంబరు మార్చుకొనకయే కంపెనీని మార్చుకొను స్వేచ్ఛ మనకు కలిగినది. టీ.వీ. పెట్టెకట్టి స్వేచ్ఛ లేదు. ఒకని పెట్టె మరియొకని తీగకు పనికిరాదు. కంపెనీ మారినచో పాత పెట్టె అటకకు, క్రొత్త పెట్టెకు మరల రూకలు. ఏ పెట్టెయైనను ఏ తీగకైనను పనికివచ్చునట్లు చేయవలెనని ట్రాయ్ వారే 2020 ఏప్రిలులో సిఫారసు చేసిరి. ఆ సిఫారసు ఢిల్లీలో నెచ్చటనో పడియున్నది. మన యటకపై మాత్రము చచ్చిన పెట్టెలు పేరుకొనుచున్నవి. ఈ స్థితిలో హెచ్.డి. పేర మరల నొక పెట్టెను జనుల మెడకు కట్టుట, పాత సంకెలను కరగించి క్రొత్త సంకెల పోయుటయే.

కావున మేము మూడు పట్టణముల పౌరులను, పఠనాలయముల కార్యదర్శులను కోరునది ఇది. ఎవరును తొందరపడి హెచ్.డి. పెట్టె కొనవలదు. కొనగోరువారు మీ టీ.వీ. వెనుక హెచ్.డి.ఎమ్.ఐ. మూతి యున్నదా, ఆ తీగ పెట్టెతోపాటు ఇత్తురా, మీరు చూచు తెలుగు ఛానళ్లలో నిజముగ హెచ్.డి.లో వచ్చున వెన్ని, పాత పెట్టెకు తిరుగు వెల యెంత, పెట్టె అమ్మకమా అద్దెయా అని అడిగి, జవాబును వ్రాతమూలముగ పుచ్చుకొనుడు. పఠనాలయములవారు ఛానళ్ల ధరల పట్టికను తెలుగున వ్రాయించి గోడకు తగిలింతురుగాక. జిల్లా కలెక్టరుగార్లు ఎమ్.ఎస్.ఓ.లను పిలిపించి, రసీదును, ఫారమును, తెరపై బాకీ మాటను తెలుగున నుంచుమని చెప్పవలెను. దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్లను బాకీదారుల యిండ్లలోను ఆపరాదని ప్రభుత్వమునకు వ్రాయవలెను. రాబోవు ఒకటవ తేదీన కేబులు పిల్లవాడు తలుపు తట్టును. ఆనాడు రసీదు చేతికి రానిదే రూక చేయి దాటనీయకుడు.