ఫోనుకు తెలియని మాటలు



జంగారెడ్డిగూడెం బస్టాండులో బుట్టాయగూడెం బస్సు కోసం నిలబడ్డ మీ అందరి చేతుల్లోనూ ఫోనుంది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చింది మొదలు వ్యాసం రాసిపెట్టేదీ అదే, స్నేహితుడికి క్షమాపణ చెప్పడానికి మాటలు అందించేదీ అదే. పరీక్ష గట్టెక్కుతుంది, సరే. రాసింది నువ్వు కానప్పుడు చదువుకున్నదెవరు?

ఆ యంత్రం గొప్పదే. కాకపోతే ఎవరో రాసినదీ చెప్పినదీ చూసి నేర్చుకుంది. ఎక్కడా నమోదు కానిదాన్ని ఎక్కణ్ణుంచి తెస్తుంది? పొగాకు క్యూరింగ్ చేసే బ్యారన్ దగ్గర రాత్రంతా మేలుకుని, ఆకు పసుపెక్కిందో లేదో, ఈనె ఎండిందో లేదో చూసి మంట పెంచే మీ నాన్న పుస్తకం రాయలేదు. వేలం కేంద్రంలో ధర ఇప్పుడు ఎలక్ట్రానిక్ పద్ధతిలో తేలుతోంది. ఆకుకు ఆ రంగు తెచ్చిన కంటికి మాత్రం లెక్కా లేదు, పత్రమూ లేదు.

పోలవరం ప్రాజెక్టు ముంపు ఊళ్ల నుంచి తాడువాయి పునరావాస కాలనీకి వచ్చిన కోయ అవ్వల సంగతి ఇంకా బాధ. అడవిలో ఏ చెట్టు చూపించినా పేరు చెప్పగలరు. చూపించడానికి ఆ చెట్టే ఎదురుగా లేకపోతే పేరు మనవడికెలా అందుతుంది?

ఇలాంటి మాటల్ని కాగితం మీద పెట్టినాయన ఒకరున్నారు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో బడిపంతులు. కొండల్లోని సవర గిరిజనుల మధ్య కూర్చుని వాళ్ల భాష నేర్చుకున్నారు, అందులోనే వాచకాలు రాశారు. ఆ కొండల్లో పట్టుకున్న మలేరియాకు వాడిన క్వినైన్‌తో చెవులు పోయాయి. అయినా పని ఆపలేదు. 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. అప్పటికాయనకు 75 ఏళ్లు!

మీకు 20 ఏళ్లు. చెవులున్నాయి, జేబులో రికార్డరుంది. ఇంకేం కావాలి?

అవ్వల మాటలు పోగుచేద్దాం. కోయ పిల్లలూ, మీరు ముందు నడవండి. మిగతావాళ్లం మీరు చెప్పినట్టు చేస్తాం. అవ్వ ఒప్పుకుంటేనే రికార్డు చేయండి. మాట పక్కన ఆమె పేరూ, వదిలి వచ్చిన ఊరి పేరూ రాయండి. తప్పులు ఆమెతోనే దిద్దించండి. అక్షర క్రమంలో పేర్చే చాకిరీ ఆ యంత్రానికి అప్పజెప్పండి, చక్కగా చేస్తుంది.

ఈ ఆదివారమే వెళ్లండి. ముందు ఇప్పచెట్టు గురించి అడగండి. పువ్వు ఏరడం, ఎండబెట్టడం, వండటం అంటూ ఆవిడ మొదలుపెడితే పూట చాలదు. ఫోను నిండా చార్జింగు పెట్టుకుని వెళ్లండి.