గోదావరి వరదయు సరళరేఖా సమీకరణమును

వాలును, ఒక బిందువును ఇచ్చి సరళరేఖా సమీకరణమును కనుగొనుమన్నచో, మన విద్యార్థులలో పెక్కురు మొదట య = మక్ష + క అను సూత్రమును వ్రాసి, అందు బిందువు నిరూపకములను ప్రతిక్షేపించి, అంతరఖండమగు క విలువను తేల్చి, పిమ్మట సమీకరణమును కట్టుదురు. జవాబు సరియే. అయినను ఈ చుట్టుదారిని మొదట నేర్పుట తగదని నా అభిప్రాయము.

ఏలయనగా మన ప్రాంతమున జనులు ఈ లెక్కను ప్రతి వర్షకాలమునను నోటితోనే చేయుచున్నారు. గోదావరి పొంగినపుడు భద్రాచలము వారిని అడుగు ప్రశ్నలు రెండే. ఇప్పుడు నీరెన్ని అడుగులున్నది? గంటకెంత పెరుగుచున్నది? మొదటిది బిందువు, రెండవది వాలు. అంతరఖండమెంతయని ఎవరును అడుగరు.

భద్రాచలమున 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరికయు, 48 అడుగులకు రెండవదియు, 53 అడుగులకు మూడవదియు జారీచేయుదురు. ఒకనాడు ఉదయము 4 గంటలకు 42 అడుగులును, 6 గంటలకు 43 అడుగులును నీరున్నదనుకొందము. రెండు గంటలకు ఒక అడుగు, కావున వాలు ½. అర్ధరాత్రి మొదలు గడచిన గంటలను క్ష అనియు, నీటిమట్టమును య అనియు అందము. ఆరు గంటల తరువాతి పెరుగుదల య − 43. గడచిన కాలము క్ష − 6. ఆ పెరుగుదలను ఈ కాలముచే భాగించిన వచ్చునది వాలే గదా! కనుక

య − 43 = ½ (క్ష − 6)

ఇందు కంఠస్థము చేయవలసినదేమియు లేదు. వాలు నిర్వచనమే సమీకరణమైనది. య స్థానమున 48 ఉంచిన క్ష = 16, అనగా సాయంకాలము 4 గంటలు. 53 ఉంచిన క్ష = 26, అనగా ఆ రాత్రి 2 గంటలు. పల్లపు పల్లెలలోని ముసలివారిని, పసిబిడ్డలను, పశువులను వెలుతురుండగనే మెరకకు చేర్చవలెనని ఈ యొక్క పంక్తి చెప్పుచున్నది. ఈ లెక్కలెందులకని అడుగు తలిదండ్రులకు ఇంతకంటె వేరు సమాధానము నాకు తోచదు.

ఈ రేఖనే మొదటి రూపమున వ్రాసిన య = ½క్ష + 40 అగును. అర్ధరాత్రి నీరు 40 అడుగులుండెనని దీని భావము. ఎవరు కొలిచిరి? అప్పుడు నది ఇంకను వడిగ పెరుగుచుండెనేమో, నిలిచియే యుండెనేమో! చూడని సంగతిని వెదకిపోయి, దాని మూలమున చూచిన సంగతిని చెప్పుట నాకు రుచింపదు. పరీక్షకులకు మాత్రము ఆ రూపముపై మక్కువ మెండు.

ముందుకాలమునకైనను రేఖ కొంతవరకే నమ్మదగినది. ఎగువ ఇంద్రావతి నీరు వచ్చి కలిసినను, దిగువ కూనవరము కడ శబరి పోటెత్తి గోదావరిని అడ్డగించినను వాలు మారిపోవును. 1986 ఆగస్టులో 75.6 అడుగులకును, 2022 జూలైలో 71.3 అడుగులకును ఇచ్చట నీరెక్కినది. అంతటి వరదకు మొదటినుండి తుదివరకు ఒకే వాలుండదు. కావున క్రొత్త కొలత వచ్చినపుడెల్ల పాత రేఖను విడిచి, ఆ బిందువునుండి మరియొక రేఖను సాగింపవలెను. మన ఉదాహరణముననే 10 గంటలకు 46 అడుగులైనదనుకొనుడు. నాలుగు గంటలలో మూడడుగులు పెరిగినది, వాలు ¾.

య − 46 = ¾ (క్ష − 10)

ఇక రెండవ హెచ్చరిక సాయంకాలము 4 గంటలకు గాక, మధ్యాహ్నము 12 గంటల 40 నిమిషములకే వచ్చును. మూడవది రాత్రి 7 గంటల 20 నిమిషములకు.