సంగటిలోకి షిరాజా?

వాన చుక్కకు మొహం వాచిన మా అనంతపురంలోకీ ఆస్ట్రేలియా రెడ్‌వైన్ వచ్చేసింది! 2022 డిసెంబరు 29న అమల్లోకి వచ్చిన ఒప్పందంతో ఖరీదైన సీసాల మీద సుంకం తగ్గింది కూడాను.

“ఇది మందు కాదు చిన్నమ్మా, భోజనంలోకి! గుండెకు మంచిది” అంటారు మెల్‌బోర్న్ నుంచి దిగిన మన అబ్బాయిలు. ఆ షిరాజ్‌లో ఆల్కహాలు సుమారు 14 శాతం. మామూలు బీరులో 5. ఏ కాస్తయినా క్షేమం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పనే చెప్పింది.

వేటకూరలోకి రుచిగానే ఉంటుందట, కాదనను. కానీ 1992లో దూబగుంట ఆడవాళ్లు సారాను తరిమితే చప్పట్లు కొట్టింది మనమే కదా! కూలివాడు తాగితే వ్యసనమూ, మనవాడు తాగితే నాగరికతానా?

సంగటీ ఊరుబిండీ పక్కన నాకు మజ్జిగ చాలు. తాగేవాళ్లు తాగండి; మందును మాత్రం మందే అనండి!